పిల్లల యుద్ధం బొమ్మలు: కళ్ళతో చూసినవా, బడిలో నేర్చుకున్నవా?

కాగితప్పడవ
మా పాప ఆరో తరగతి. పోయిన వారం వాళ్ళ స్కూల్లో డ్రాయింగ్ పోటీ పెట్టి ‘యుద్ధం’ అని టాపిక్ ఇచ్చారు. బొమ్మలన్నీ వరండా గోడకి అంటించారంటే చూడ్డానికి వెళ్ళాను. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. పైన విమానం, దాని పొట్టలోంచి చుక్కలు చుక్కలుగా బాంబులు, కింద మంటలు, ఒక మూల జెండా. మనవాళ్ళు నిటారుగా నిలబడి నవ్వుతుంటారు. అవతలివాళ్ళు పడిపోయి ఉంటారు, వాళ్ళకి ఎవరూ మొహాలు కూడా గీయలేదు.

మా పాప వేరేగా గీసింది. మంచం కింద ఒక పిల్లాడు దూరి, పక్కనున్న కుక్క చెవులు రెండు చేతులతో మూస్తున్నాడు. అంతే. టీచరు చూసి ‘ఇందులో యుద్ధం ఎక్కడుంది? సైనికుడేడి?’ అని వెనక్కిచ్చి మళ్ళీ గీయమన్నారట. రెండోసారి ఇదీ విమానమే గీసింది. దానికి మూడో బహుమతి వచ్చింది.

బాధగా ఉంది, కోపంగానూ ఉంది. ఈ పిల్లల్లో ఒక్కరూ యుద్ధం చూడలేదు. మరి అందరి చేతికీ ఒకే బొమ్మ ఎలా వచ్చింది? నిజంగా యుద్ధం మధ్య బతికిన పిల్లలు ఏం గీస్తారు? వాళ్ళ చేత కూడా బడి ఇలాగే గీయించేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సందేహి
పిల్లలన్నాక విమానాలూ తుపాకులూ గీస్తారు. టీవీలో చూస్తారు, ఫోన్‌లో ఆటలాడతారు, పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తారు. దీనికి బడినీ ప్రచారాన్నీ లాక్కురావడం కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. ఆ టీచరు చేసింది తప్పే, కాదనను.

చుక్కలరాత్రి
పక్కవాడి కాగితంలోకి చూడటం నిజమే, కానీ మొహాలు లేకుండా గీయడం ఏ ఆటలో నేర్చుకున్నారు? నాకు అదే గుచ్చుకుంది.

చరిత్రమాస్టారు
సందేహి గారూ, ఇది ఈనాటి సంగతి కాదు. టీవీ, ఫోన్ లేని కాలంలోనూ ఇదే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పారిస్ మోంమార్త్ ప్రాంతంలోని ఒక మగపిల్లల బడిలో పిల్లలు గీసిన బొమ్మలు వెయ్యికి పైగా ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. అందులో ఫ్రెంచి సైనికుడు గెలుస్తుంటాడు, కొమ్ము టోపీ పెట్టుకున్న జర్మన్ ఓడిపోతుంటాడు. ఆ పిల్లలు యుద్ధరంగం చూసి గీసింది కాదది. పత్రికల్లో వచ్చిన బొమ్మలు, పోస్టరు బొమ్మలు, క్లాసులో చెప్పిన పాఠం, అన్నీ కలిసి కాగితం మీదికి వచ్చాయి. అప్పటి ఫ్రెంచి బడుల్లో యుద్ధం అన్ని సబ్జెక్టుల్లోకీ దూరింది. డిక్టేషన్ యుద్ధం గురించి, లెక్కలు యుద్ధం గురించి, వ్యాసం యుద్ధం గురించి, చివరికి డ్రాయింగూ యుద్ధం గురించే.

అక్కడితో ఆగలేదు. పొదుపు చెయ్యమని జనానికి చెప్పడానికి ఒక జాతీయ కమిటీ బడిపిల్లలకి పోస్టర్ల పోటీ పెట్టింది. గెలిచిన బొమ్మల్ని 1918లో నిజం పోస్టర్లుగా అచ్చువేసి గోడలకి అంటించారు. ఒక పోస్టరు సైనికులకి పొగాకు మిగల్చమంటుంది, ఇంకోటి పెరట్లో కూరగాయలు పండించమంటుంది. పదహారేళ్ళ అమ్మాయి గీసిన ఒక పోస్టరులో కోడి మాట్లాడుతుంది: ‘నేను యుద్ధకాలపు మంచి కోడిని, కొంచెమే తింటాను, ఎక్కువ ఇస్తాను’ అని.

గమనించండి, అక్కడ పిల్లలు ప్రచారాన్ని చూసేవాళ్ళుగా లేరు. తయారుచేసేవాళ్ళుగా ఉన్నారు.

చుక్కలరాత్రి
ఆ కోడి బొమ్మ ఇప్పుడే వెతికి చూశాను మాస్టారూ, ఎంత బాగా గీసిందో! ఇంట్లో అందరికీ చూపించాను, మావాడు దానికి ‘మేజర్ కోడి’ అని పేరు కూడా పెట్టేశాడు. ఆ అమ్మాయి మనసుపెట్టి గీసింది. అందుకే బాధ కూడా వేసింది.

సందేహి
పొదుపు చెయ్యమనడం కూడా ప్రచారమేనా? తిండి చాలని దేశంలో పిల్లల చేత ‘వృథా చెయ్యకండి’ అని గీయిస్తే తప్పేముంది?

చరిత్రమాస్టారు
తప్పని నేననలేదు. కూరగాయలు పండించమన్న అమ్మాయీ, జర్మన్‌ని పొడిచే సైనికుణ్ణి గీసిన అబ్బాయీ ఒకే రకం తరగతుల్లో కూర్చున్నారు. ఒక పని మంచిదనీ ఇంకోటి చెడ్డదనీ ఆ వయసులో వాళ్ళకి ఎవరు విడదీసి చెప్తారు? బడి ఏది చెప్తే అదే.

పాతపుస్తకం
మాస్టారు లెక్కల మాట ఎత్తారు కాబట్టి రెండు లెక్కలు రాస్తాను.

మొదటిది 1930లలో నాజీ జర్మనీ బడిపిల్లల లెక్కల పుస్తకంలోది. మానసిక రోగుల ఆస్పత్రి కట్టడానికి 60 లక్షల మార్కులైంది. ఒక్కో ఇల్లు 15,000 మార్కుల చొప్పున ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ళు కట్టవచ్చు?

రెండోది 1980లలో అఫ్గాన్ పిల్లల కోసం అమెరికా ప్రభుత్వ సాయంతో, నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఒమాహా వాళ్ళు తయారుచేసిన పుస్తకంలోది. కలాష్నికోవ్ తూటా సెకనుకి 800 మీటర్లు వెళ్తుంది. ఒక రష్యన్ 3,200 మీటర్ల దూరంలో ఉన్నాడు. ముజాహిద్ (రష్యన్ సైన్యంతో పోరాడే అఫ్గాన్ యోధుడు) వాడి తలకి గురిపెడితే తూటా ఎన్ని సెకన్లలో తగులుతుంది?

మొదటిదానికి జవాబు 400, రెండోదానికి 4. రెండూ మామూలు భాగహారాలే. పిల్లవాడు జవాబు సరిగ్గా వచ్చిందా లేదా అనే టెన్షన్‌లో ఉంటాడు. ఆ రోగి బతకడం దండగ అనీ, ఆ రష్యన్ మనిషి కాదు గురి అనీ అన్న మాట ప్రశ్నలోనే ఉంది. దాని గురించి ఎవరూ అడగరు, వాడూ అడగడు. జవాబు రాసి మార్కు తెచ్చుకునేసరికి ఆ మాట కూడా ఒప్పుకున్నట్టే.

అదే అఫ్గాన్ పుస్తకాల్లో చిన్నపిల్లలకి అంకెలు నేర్పే పేజీల్లో తూటాలూ ట్యాంకులూ తుపాకులూ ఉండేవి. ఆ పుస్తకంతో లెక్క నేర్చుకున్న పిల్లాడి చేతికి పెన్సిలిస్తే ఏం గీస్తాడో వేరే చెప్పాలా?

నీరెండ
లెక్కలు వేరు, బొమ్మలు వేరు కదా. అసలు ప్రశ్న బొమ్మల గురించి. చర్చ పక్కకి పోతోంది.

పాతపుస్తకం
నాకైతే పక్కకి పోయినట్టు అనిపించట్లేదు నీరెండ గారూ. ‘సైనికుడేడి?’ అన్న ప్రశ్నా ఈ లెక్కల్లాంటిదే. యుద్ధం అంటే సైనికుడు అన్న జవాబు ప్రశ్నలోనే పెట్టేసి ఇచ్చారు. మంచం కింద పిల్లాడు తప్పు జవాబైపోయాడు.

రంగులపెట్టె
నేను డ్రాయింగ్ టీచర్‌ని, చాలా ఏళ్ళుగా పిల్లలతోనే ఉన్నాను. కాగితప్పడవ గారూ, మీ పాప మొదటి బొమ్మ పారేసి ఉంటే వెతికి దాచండి, దయచేసి.

యుద్ధంలో ఉన్న పిల్లలు ఏం గీస్తారని అడిగారు. నేను మళ్ళీ మళ్ళీ చదివేది ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే యూదు చిత్రకారిణి గురించి. వియన్నాలో పుట్టింది, జర్మనీలోని బౌహౌస్ అనే కళల బడిలో చదువుకుంది. 1942 డిసెంబరులో ఆవిడనీ భర్తనీ నాజీలు ప్రాగ్‌కి ఉత్తరాన ఉన్న తెరెజీన్ ఘెట్టోకి, అంటే యూదుల్ని నిర్బంధించిన ఊరికి తరలించారు. అక్కడ యూదు పిల్లలకి చదువు చెప్పడం నిషేధం, బొమ్మలు వేయించడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. ఆవిడ అటకల మీదా, పిల్లలుండే గదుల్లోనూ క్లాసులు పెట్టింది. మంచి కాగితం దొరికేది కాదు. ఆఫీసు ఫారాల వెనకవైపు వాడుకున్నారు, చిత్తు కాగితాలు చింపి అతికించి కొలాజ్‌లు చేశారు.

ఆవిడ పాఠాలు చూస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. యుద్ధం గీయమని లేదు. ముందు చెయ్యి బిగుసుకోకుండా గీతలు గీయించేది. పాత చిత్రకారుల బొమ్మలు చూపించి వెలుగు ఎటునుంచి పడుతోందో చూడమనేది. పువ్వుల గ్లాసు పెట్టి అదే గీయమనేది. బొమ్మ కింద ప్రతి పిల్లా పేరు రాయాలి. అక్కడ మనుషులంతా తరలించేటప్పుడు ఇచ్చిన ట్రాన్స్‌పోర్టు నంబర్లయిపోయారు, బొమ్మ మీద మాత్రం పేరు.

1944 అక్టోబరులో ఆవిడని నాజీల మృత్యుశిబిరం ఆష్విట్జ్‌కి పంపి చంపేశారు. వెళ్ళేముందు దాదాపు 4,500 బొమ్మలు రెండు సూట్‌కేసుల్లో సర్ది దాచింది. యుద్ధం అయ్యాక అవి ప్రాగ్ చేరాయి, ఇప్పుడు అక్కడి యూదు మ్యూజియంలో ఉన్నాయి. గీసిన పిల్లల్లో ఎక్కువమంది తిరిగి రాలేదు.

ఆ బొమ్మల్లో పచ్చిక బయళ్ళు, సీతాకోకచిలుకలు, ఇంట్లో భోజనాల బల్ల ఉంటాయి. ఘెట్టోలో వాళ్ళు పడుకునే మూడంతస్తుల మంచాలు కూడా ఉంటాయి. ఏది గీయాలో పిల్లలకే వదిలితే రెండూ వస్తాయి.

నీరెండ
రెండుసార్లు చదివాను. ఇంకేం రాయలేకపోతున్నాను.

చరిత్రమాస్టారు
రంగులపెట్టె గారు చెప్పిన అదే ఊళ్ళో బడిని ప్రచారానికి ఎలా వాడారో కూడా చెప్పుకోవాలి. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ ప్రతినిధులు తెరెజీన్ చూడ్డానికి వచ్చారు. వాళ్ళు వచ్చేలోపు ఇళ్ళకి రంగులేశారు, పూలమొక్కలు నాటారు, ఆటస్థలం కట్టారు. రద్దీ కనపడకుండా వేలమందిని ముందే ఆష్విట్జ్‌కి పంపేశారు. ఒక భవనానికి బడి అని బోర్డు తగిలించి, ‘సెలవుల వల్ల మూసి ఉంది’ అని రాసిపెట్టారు. లేని బడికి సెలవులిచ్చారు. ఇంకో వీధిలో పిల్లలు దొంగచాటుగా చదువుకుంటున్నారు.

సందేహి
తెరెజీన్ సంగతి చదివాక మాటలు రావట్లేదు. కానీ నా సందేహం ఇంకోటి. యుద్ధంలో ఉన్న పిల్లల బొమ్మల్ని పెద్దవాళ్ళే సేకరిస్తారు, పెద్దవాళ్ళే ఏరుతారు, పెద్దవాళ్ళే అచ్చేస్తారు. మరి అది మాత్రం ప్రచారం కాదా? మంచి పక్షం చేస్తే సాక్ష్యం, చెడ్డ పక్షం చేస్తే ప్రచారం అంటామా?

వెన్నెలకాగితం
సందేహి గారి ప్రశ్నకి స్పెయిన్ ఉదాహరణ సరిపోతుంది. 1936-39 అంతర్యుద్ధంలో బాంబుదాడుల నుంచి తప్పించి పిల్లల్ని తూర్పు తీరానికీ ఇతర చోట్లకీ పంపి శిబిరాల్లాంటి బడుల్లో ఉంచింది రిపబ్లికన్ ప్రభుత్వం. అక్కడ టీచర్లు వాళ్ళ చేత బొమ్మలు గీయించారు. వాటిలో కొన్నిటిని 1938లో అమెరికాలో పుస్తకంగా వేశారు, ఇంగ్లీషు రచయిత ఆల్డస్ హక్స్‌లీ ముందుమాట రాశాడు. ఆ డబ్బు స్పెయిన్ పిల్లల సాయానికే. అంటే జనం మనసు కరిగించడానికే వేశారు, ఎవరూ దాచలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో లైబ్రరీలో ఇప్పుడు ఆరువందలకు పైగా బొమ్మలున్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

నేను ఒక రాత్రంతా కూర్చుని చూశాను. విమానాలు చాలా ఉన్నాయి. అయితే కాగితప్పడవ గారు స్కూలు గోడ మీద చూసిన విమానాలకీ వీటికీ తేడా ఉంది. అక్కడ మనం విమానంతోపాటు పైనున్నాం, ఇక్కడ పిల్లాడు కింద ఉన్నాడు. మనుషులు పరిగెడుతుంటారు, తల్లి చెయ్యి పట్టుకుని లాగుతుంటుంది, మెట్లు నేలమాళిగలోకి దిగుతుంటాయి. విమానం ఎవరిదో రెక్క మీద గుర్తు వేసి మరీ చూపిస్తారు. ఆ గుర్తు టీచరు చెప్పి ఉండొచ్చు. మెట్లు ఎన్నో, తలుపు ఎటు తెరుచుకుంటుందో టీచరు చెప్పదు కదా.

రంగులపెట్టె
వెన్నెలకాగితం గారు సరిగ్గా పట్టుకున్నారు. అదే స్పెయిన్‌లో ఆల్ఫ్రెడ్ బ్రౌనర్ అనే ఆయన పిల్లలకి మూడు బొమ్మలు గీయమని ఇచ్చాడు. యుద్ధానికి ముందు నా జీవితం, యుద్ధంలో నేను చూసింది, యుద్ధం తర్వాత నా జీవితం ఎలా ఉంటుందనుకుంటున్నాను. ఆయనా, డాక్టరైన ఆయన భార్య ఫ్రాన్స్వాజ్ కలిసి ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎన్నో యుద్ధాల పిల్లల బొమ్మలు సేకరించారు. ‘యుద్ధం’ అని ఒక్క మాట ఇచ్చి వదిలేయడానికీ ఈ మూడు ప్రశ్నలకీ ఎంత తేడా! ఇందులో శత్రువుకి చోటు తప్పనిసరి కాదు, పిల్లవాడికి తప్పనిసరి.

గోరింక
నేను పిల్లల ఆస్పత్రిలో పనిచేస్తాను. ఇక్కడ సూడాన్‌లోని దార్ఫూర్ యుద్ధం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. 2005లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ తరఫున ఇద్దరు, దార్ఫూర్ నుంచి పారిపోయినవాళ్ళుండే పక్క దేశం చాద్‌లోని శరణార్థి శిబిరాలకి వెళ్ళారు. ఒకరు పిల్లల డాక్టరు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు పిల్లలు ఊరికే కూర్చోకుండా కాగితాలూ క్రేయాన్లూ ఇచ్చారు. ఏం గీయాలో చెప్పలేదు. పిల్లలు గుర్రాల మీద వచ్చిన జంజావీద్ అనే సాయుధ ముఠాలని, కాలుతున్న గుడిసెల్ని, అంతోనోవ్ విమానాల్ని, హెలికాప్టర్లని గీశారు.

తర్వాత 2007లో వేజింగ్ పీస్ అనే బ్రిటిష్ సంస్థ అక్కడే 500 బొమ్మలు సేకరించింది. వాటిని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నేపథ్య సాక్ష్యంగా తీసుకుంది.

సందేహి
కోర్టు సాక్ష్యమా? ఎనిమిదేళ్ళ పిల్లాడి బొమ్మ చూసి ఎవరికైనా శిక్ష వేస్తారా?

గోరింక
దాన్ని బట్టే శిక్ష వెయ్యరు, అందుకే ‘నేపథ్య’ అన్నాను. దాడులు ఇలా జరిగాయని మిగతా సాక్ష్యాలతో కలిపి చూస్తారు. దాడుల్లో ప్రభుత్వానికి పాత్ర లేదని సూడాన్ అంటూ వచ్చింది. పిల్లల బొమ్మల్లో మాత్రం విమానాలూ ట్యాంకులూ ఉన్నాయి. గుర్రాల మీద తిరిగే దొంగల దగ్గర విమానాలుండవు కదా.

సందేహి
ఇది ఒప్పుకుంటున్నాను. బలమైన మాట.

నిమ్మతొన
ఇంకో వైపు కూడా చూడాలి. 2011లో అమెరికాలోని ఓక్లాండ్‌లో పిల్లల కళల మ్యూజియం గాజా పిల్లల బొమ్మల ప్రదర్శన పెట్టాలనుకుంది. ఒత్తిడి రావడంతో మొదలయ్యే ముందే రద్దు చేసింది. ఈ బొమ్మలు పిల్లలకి చూపించేవి కావని ఒకరు, పిల్లలు సొంతంగా గీసినవేనా అని ఇంకొకరు. చివరికి వాటిని పక్కనే వేరే చోట పెట్టారు.

సందేహి గారి ప్రశ్నలాంటి ప్రశ్నే అక్కడ బొమ్మల నోరు మూయడానికి పనికొచ్చింది. ‘పెద్దవాళ్ళు చెప్పి గీయించారు’ అనేస్తే ఇక బొమ్మలో ఏముందో చూడక్కర్లేదు. గాజా అయినా, ఇజ్రాయెల్‌లో రాకెట్ సైరన్ల మధ్య పెరిగే పిల్లలైనా, ముందు బొమ్మ చూడాలి, తర్వాత సందేహించాలి.

సందేహి
నోరు మూయడం నా ఉద్దేశం కాదండీ. సందేహించడం అవసరమని మాత్రం ఇప్పటికీ అంటాను.

నిమ్మతొన
మిమ్మల్ని అనలేదు, ఆ ప్రశ్న వాడుకున్నవాళ్ళని అన్నాను.

పాతపుస్తకం
ఇప్పుడు ఉదాహరణలు ఎక్కువగా బాధితులవే వస్తున్నాయి. జపాన్ చూడండి, అక్కడ పిల్లలు ప్రచారంలో పాలుపంచుకున్నారు, దెబ్బా తిన్నారు. యుద్ధకాలంలో బడిపిల్లలు ముందువరసలో ఉన్న సైనికులకి ఓదార్పు ఉత్తరాలు రాసేవాళ్ళు, బొమ్మలు గీసి పంపేవాళ్ళు. అది క్లాసు పనిలో భాగం. 1945లో ఓడిపోయాక ఏం జరిగింది? కొత్త పుస్తకాలు అచ్చువేసేంత టైము లేదు. పాత పుస్తకాలే తెరిచి, ఫలానా పేజీ ఫలానా వరస అని టీచరు చెప్తుంటే, పిల్లలు కుంచె సిరాలో ముంచి ఆ వాక్యాల మీద నల్లగా పూశారు. కొన్ని పేజీలు మొత్తం నలుపే. మొన్నటిదాకా ఆ వాక్యాల్ని గట్టిగా చదివించిన టీచరే ఇప్పుడు పూయమంటున్నారు. ఆ తరంవాళ్ళు ఎంతోమంది పెద్దయ్యాక ఆ రోజు గురించి రాశారు. పెద్దవాళ్ళ మాట మీద నమ్మకం అక్కడే పోయిందన్నారు.

చుక్కలరాత్రి
టీచర్ల పరిస్థితి కూడా ఆలోచించండి. వాళ్ళకి మాత్రం ఏం దారి ఉంది? పైనుంచి ఉత్తర్వు వస్తే చెప్పాలి, ఇంకో ఉత్తర్వు వస్తే చెరపాలి.

పాతపుస్తకం
దారి అందరికీ ఒకటే ఉండదు, నిజమే. జర్మనీలో 1930ల చివరికి దాదాపు 97 శాతం మంది టీచర్లు నాజీ ఉపాధ్యాయ సంఘంలో సభ్యులు. అందరూ నమ్మి చేరారా అంటే కాదు, ఉద్యోగం పోతుందని చేరినవాళ్ళు బోలెడు. అయినా క్లాసులో కూర్చున్న పిల్లకి ఆ తేడా కనపడదు. నమ్మి చెప్పినా భయపడి చెప్పినా ఆ పిల్ల చెవిలో పడేది ఒకే పాఠం.

వెన్నెలకాగితం
హిరోషిమా హొంకావా బడి పిల్లల బొమ్మలు చూశారా ఎవరైనా? బాంబు పేలిన చోటికి నాలుగువందల మీటర్ల దూరంలో ఉండేది ఆ బడి. దాదాపు 400 మంది పిల్లలు చనిపోయారు. తర్వాత వాషింగ్టన్‌లోని ఆల్ సోల్స్ చర్చి పిల్లలు పెన్సిళ్ళు, రంగులు, కాగితాలు సేకరించి హిరోషిమా పిల్లలకి పంపారు. అందుకు బదులుగా హొంకావా పిల్లలు బొమ్మలు గీసి పంపారు. చర్చిలో అవి ఏళ్ళ తరబడి పెట్టెలో ఉండిపోయాయి.

తెరిస్తే ఏమున్నాయి? పూసిన చెర్రీ చెట్లు, ఆడుకుంటున్న పిల్లలు, రంగురంగుల కిమోనోలు. ఎక్కడా మంటల్లేవు. ఇది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న బొమ్మల కట్ట. అప్పట్లో జపాన్ అమెరికా ఆక్రమణలో ఉంది, అణుబాంబు గురించి రాయడం మీద సెన్సార్ ఉంది. పెద్దవాళ్ళు ‘దాని జోలికి పోకండి’ అన్నారా? లేక బహుమతి ఇచ్చినవాళ్ళకి అందమైనదే పంపాలని పిల్లలే అనుకున్నారా? లేక కొత్త రంగులు చేతికొస్తే ముందు పువ్వులే గీయాలనిపించిందా?

రంగులపెట్టె
మూడోది తేలిగ్గా తీసెయ్యకండి. కొత్త గులాబీ రంగు క్రేయాన్ చేతికిస్తే పిల్లలు ఏం చేస్తారో నేను రోజూ చూస్తాను.

దూరపుగాలి
నేను ఉద్యోగరీత్యా యూరప్‌లో ఉంటున్నాను. 2022 నుంచి ఉక్రెయిన్ పిల్లలకి శనివారాలు బొమ్మలూ చేతిపనులూ చేయించే ఒక గుంపులో సాయం చేస్తున్నాను. మాకు చెప్పిన మొదటి నియమం యుద్ధం గీయమని అడగొద్దు, గీస్తే ఆపొద్దు.

ఒక అబ్బాయి ప్రతి వారం ఇల్లే గీసేవాడు. ప్రతి కిటికీలోనూ మూల నుంచి మూలకి రెండు గీతలు, ఇంటూ గుర్తులా. కిటికీ చువ్వలేమో అనుకున్నాను. అడిగితే టేపు అన్నాడు. పేలుడికి అద్దం పగిలితే ముక్కలు మీద పడకుండా అమ్మ అంటించిందట. కొన్నాళ్ళకి ఇక్కడ తాము ఉంటున్న ఇల్లు గీశాడు. దాని కిటికీలకీ టేపు వేశాడు. ఇక్కడ టేపు లేదు కదా అని పక్కనున్న పిల్ల అంటే ‘వేస్తే మంచిదే’ అన్నాడు.

అదే గుంపులో ఇంకో పిల్లవాడు ట్యాంకు, జెండా, ‘మాదే విజయం’ గీస్తాడు. అతనికీ ఇల్లు పోయింది. అందుకే ఒకటి చూసినది, ఇంకోటి నేర్పినది అని విడదీయడం నాకు చేతకావట్లేదు. జెండా గీసినప్పుడు వాడు కాస్త నిటారుగా కూర్చుంటాడు. ధైర్యం కోసం గీస్తున్నాడేమో.

1946లో పోలాండ్ బడిపిల్లలు గీసిన యుద్ధం బొమ్మలు వేల సంఖ్యలో వార్సా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2022లో వాటినీ ఉక్రెయిన్ పిల్లల బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి ప్రదర్శించారు. ఏది ఏ ఏటిదో చెప్పడం కష్టం.

నీరెండ
‘వేస్తే మంచిదే’ దగ్గర ఆగిపోయాను.

చరిత్రమాస్టారు
అదే యుద్ధంలో అవతలివైపు బడి సంగతీ చెప్పాలి. రష్యాలో 2022 సెప్టెంబరు నుంచి ప్రతి సోమవారం మొదటి పీరియడ్ ‘ముఖ్యమైన విషయాల గురించి మాటలు’ అనే పాఠం పెట్టారు. సైనికులకి ఉత్తరాలు, బొమ్మలు పంపించడం చాలా బడుల్లో జరిగింది. అంతకుముందే, ఆ ఏడు వసంతంలో, ఒక ఆరో తరగతి అమ్మాయి డ్రాయింగ్ క్లాసులో యుద్ధానికి వ్యతిరేకంగా బొమ్మ గీసింది. క్షిపణులకి అడ్డంగా ఒక తల్లీ బిడ్డా. బడివాళ్ళు పోలీసుల్ని పిలిచారు. తర్వాత తండ్రి సోషల్ మీడియా రాతల మీద కేసు పెట్టారు, 2023 మార్చిలో రెండేళ్ళ జైలు శిక్ష వేశారు. ఆ పిల్లని కొంతకాలం ప్రభుత్వ పిల్లల వసతిగృహంలో ఉంచారు.

పేరు ఇక్కడ రాయను, చిన్నపిల్ల. ఒక బొమ్మకి ఇంత జరిగిందంటే, పిల్లల బొమ్మకి బలం లేదని ఎవరూ అనుకోవట్లేదన్నమాట.

గోరింక
బాంబుల కంటే పెద్దవాళ్ళే పిల్లల మీద ఎక్కువ ప్రభావం చూపిస్తారని పిల్లల మనస్తత్వ నిపుణురాలు అన్నా ఫ్రాయిడ్ ఎప్పుడో గమనించింది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లో ఆవిడా డొరొతీ బర్లింగ్‌హామ్ కలిసి పిల్లల నర్సరీలు నడిపారు. తల్లి దగ్గరుండి నిబ్బరంగా ఉంటే పిల్లలు బాంబుదాడిని కూడా తట్టుకున్నారు, తల్లికి దూరమైతే సురక్షితమైన పల్లెలో ఉన్నా కుంగిపోయారు అని రాశారు. పెద్దవాళ్ళ మొహం చూసే పిల్లలు యుద్ధాన్ని అర్థం చేసుకుంటారు. కాబట్టి ద్వేషం కూడా ఆ మొహంలోంచే నేర్చుకుంటారు.

కాగితప్పడవ
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అన్నీ చదివాను. స్కూలుకి వెళ్ళి మాట్లాడాలనుకుంటున్నాను, కానీ గొడవ పెట్టుకుంటే పాపకి ఇబ్బంది అవుతుందేమో. ఏం అడగమంటారు?

నిమ్మతొన
ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 13వ అధికరణం చూపించండి. పిల్లల భావప్రకటనలో ‘కళ రూపంలో’ అని స్పష్టంగా ఉంది. 29వ అధికరణంలో చదువు శాంతికీ సహనానికీ సిద్ధం చెయ్యాలని ఉంది.

చుక్కలరాత్రి
అధికరణాలు పట్టుకుని వెళ్తే టీచరు మొదటి నిమిషంలోనే బిగుసుకుపోతారు. మామూలుగా మాట్లాడండి.

రంగులపెట్టె
నేను ఆ టీచరు స్థానంలో ఉన్నాననుకుని చెప్తున్నా. నన్ను తప్పుపట్టడానికి వచ్చారంటే నేనూ నా పోటీని సమర్థించుకుంటాను. ఈసారి టాపిక్ మార్చండి అంటే వింటాను. ‘యుద్ధం’ బదులు ‘యుద్ధం వచ్చిన రోజు ఒక ఇంట్లో’ అని ఇవ్వమనండి. లేదా బ్రౌనర్ లాగా ముందు, అప్పుడు, తర్వాత అని కాగితం మూడు మడతలు పెట్టించమనండి. అవతలివాళ్ళలో ఒకరికి మొహం గీసి, వాళ్ళింట్లో ఎవరెవరున్నారో కూడా గీయమనండి. బహుమతులు వద్దనండి, బహుమతి ఉంటే పిల్లలు పోయినేడు గెలిచిన బొమ్మనే గీస్తారు. ముఖ్యంగా, గీసిన ప్రతి పిల్లనీ ‘దీని గురించి చెప్పు’ అని అడగాలి. ‘ఇదేంటి?’ అని కాదు, ‘సైనికుడేడి?’ అని అసలే కాదు.

ఒక జాగ్రత్త. క్లాసులో నిజంగా యుద్ధం చూసి వచ్చిన పిల్లలుంటే, లేదా సైన్యంలో ఉన్న తండ్రి కోసం ఎదురుచూస్తున్న పిల్లలుంటే, ఇవేవీ తప్పనిసరి చెయ్యొద్దు. వాళ్ళు పువ్వు గీస్తే పువ్వే.

సందేహి
సైన్యంలో ఉన్నవాళ్ళ పిల్లల సంగతి ఎత్తినందుకు సంతోషం. మా అన్నయ్య సైన్యంలో ఉన్నారు. వాళ్ళబ్బాయి గీసే ప్రతి బొమ్మలో సైనికుడుంటాడు, ఒంటి మీద దెబ్బ ఒక్కటీ ఉండదు. అది ప్రచారం అంటే నేనొప్పుకోను. వాళ్ళ నాన్న క్షేమంగా ఉండాలని గీస్తాడు. ఇంతసేపూ నేను అడ్డం తిరిగింది అందుకే.

దూరపుగాలి
నేను చెప్పిన జెండా పిల్లాడూ అంతే సందేహి గారూ.

కాగితప్పడవ
నిన్న వెళ్ళాను. టీచరు మంచావిడే. టాపిక్కూ, మార్కులు ఎలా వెయ్యాలో కూడా పోటీ నడిపేవాళ్ళు కాగితం మీద రాసి పంపారట. అందులో ‘ఉత్సాహం, వీరత్వం’ అని రెండు కాలమ్స్ ఉన్నాయి. మంచం కింద పిల్లాడికి ఆ రెండిట్లోనూ సున్నా వస్తుందని భయపడి వెనక్కిచ్చానన్నారు. మూడు మడతల కాగితం మాట చెప్తే వచ్చే నెల తన క్లాసులో పోటీ లేకుండా చేయిస్తానన్నారు. ఆ మార్కుల కాగితం పంపినవాళ్ళకి ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ముందు ఇక్కడ పెడతాను, చూసి దిద్దండి.

చరిత్రమాస్టారు
పెట్టండి. ఆ రెండు కాలమ్స్ మాటతోనే ఉత్తరం మొదలుపెట్టండి, మిగతా ఉదాహరణలన్నీ తర్వాత.

పాతపుస్తకం
అఫ్గాన్ లెక్క నేను రాసిస్తాను, అంకెలతో సహా.